తిరుగుదారి

పులికాట్ సరస్సు పక్కన, సూళ్ళూరుపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి నేను. సెకండియర్లో ‘ప్రవాహ విద్యుత్తు’ పాఠం మొదలుపెట్టగానే పిల్లల ముఖాల్లో ఒక ధీమా కనిపించేది. సూత్రాలు చిన్నవి, లెక్కలు తేలిక, మార్కులు ఖాయం. ఆ ధీమా చూసి నేనూ గబగబా ముగించేసేవాణ్ణి. వెనక అయస్కాంతత్వం, ఏసీ, సెమీకండక్టర్లు తరుముకొస్తుండేవి. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, వాళ్ళు ఇంజనీర్లయినా కాకపోయినా బతుకంతా అక్కరకొచ్చే పాఠం అదొక్కటే అనిపిస్తోంది. అందులో నేను చెప్పకుండా వదిలేసినవి, చెప్పినా సరిగ్గా చెప్పనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. డీసీ వరకే. ఏసీ జోలికి పోను, అది వేరే భారతం.

1. కరెంటు ఎటు పోతుందో అందరూ చూస్తారు. ఎటు తిరిగొస్తుందో చూసినవాడికే సర్క్యూట్ అర్థమవుతుంది.

భీములవారిపాలెం వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు క్లాసులో లేచి అడిగాడు: “సార్, మా నాయన పడవకి లైటు పెట్టించినాడు. బ్యాటరీ కాడ పెడితే బాగా ఎలుగుతుండాది. ముందు కొసన కడితే మసకేస్తుండాది. ఎందుకు సార్?” మంచి ప్రశ్న. బోర్డు మీద లెక్క వేశాను. 12 వోల్టుల బ్యాటరీ, 24 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు. అంటే 2 ఆంపియర్లు, బల్బు నిరోధం 6 ఓమ్‌లు. పది మీటర్ల రాగి తీగ, అడ్డుకోత వైశాల్యం అర చదరపు మిల్లీమీటరు. రాగి విశిష్ట నిరోధం 1.7×10⁻⁸ ఓమ్-మీటరు. తీగ నిరోధం 0.34 ఓమ్ వచ్చింది. బల్బుకు 21 వాట్లకు పైగా అందుతుందని తేల్చాను. “అంత కొంచెం తగ్గితే అంత మసక రాదు సార్” అన్నాడు వాడు, మర్యాదగానే. నేను పోయే తీగను లెక్కేశాను, వచ్చే తీగను మరిచాను. తీగ పది మీటర్లు కాదు, ఇరవై. నిరోధం 0.68 ఓమ్. అప్పుడు సర్క్యూట్‌లో కరెంటు 1.8 ఆంపియర్లు, బల్బుకు చేరేది 19 వాట్ల చిల్లర. ఫిలమెంటు వేడి కాస్త తగ్గినా వెలుగు అంతకంటే ఎక్కువ పడిపోతుంది. పడవ మీద మసక అందుకే. లావు తీగ వెయ్యమని చెప్పి పంపాను.

అదే తీగ మీద 230 వోల్టుల దగ్గర 24 వాట్లు పంపితే కరెంటు పదో వంతు ఆంపియరే. తీగలో పోయేది లెక్కకు రాదు. తక్కువ వోల్టేజి డీసీకి దూరం పగ. ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో 110 వోల్టుల డీసీతో మొదలుపెట్టిన స్టేషన్ కరెంటు మైలు దూరం దాటి పోలేకపోయింది ఇందుకే. వోల్టేజి పెంచగలిగితే అదే డీసీ రాష్ట్రాలు దాటుతుంది. మన చిత్తూరు సరిహద్దు దాటగానే వచ్చే కోలార్‌కు ఒడిశాలోని తాల్చేరు నుంచి 2003 నుంచి కరెంటు డీసీగానే వస్తోంది. ఒక వైపు ప్లస్ 500 కిలోవోల్టులు, ఇంకో వైపు మైనస్ 500. మొదట 2000 మెగావాట్లకు కట్టారు. రెండు తీగల మధ్య పది లక్షల వోల్టులు, అందుకని కరెంటు 2000 ఆంపియర్లే. ఒక పక్క ఆగిపోతే రెండో పక్కకు భూమే తిరుగుదారి అయ్యేట్టు రెండు కొసల్లోనూ నేలలో ఎలక్ట్రోడ్లు పాతారు. అంత పెద్ద లైను కట్టినవాళ్ళు కూడా ముందు ఆలోచించుకున్నది తిరుగుదారి సంగతే. బోర్డు మీద అది మరిచినవాణ్ణి నేను.

2. లైటు వెంటనే వెలుగుతుంది. ఎలక్ట్రాన్ మాత్రం నింపాదిగా వస్తుంది.

ఆ పడవ తీగనే మళ్ళీ తీసుకోండి. రాగిలో ఘనమీటరుకు సుమారు 8.5×10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లుంటాయి. అర చదరపు మిల్లీమీటరు తీగలో 2 ఆంపియర్లు పోతుంటే వాటి డ్రిఫ్ట్ వేగం సెకనుకు 0.3 మిల్లీమీటరు. పది మీటర్లు పోవడానికి తొమ్మిది గంటల పైమాటే. పొద్దుగూకే వేళ స్విచ్ వేస్తే, బ్యాటరీ దగ్గర బయల్దేరిన ఎలక్ట్రాన్ లైటును చేరేసరికి వేట ముగిసి పడవ రేవుకొచ్చేస్తుంది. మరి లైటు తక్షణం ఎలా వెలిగింది? తీగ పొడవునా ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి. స్విచ్ వేయగానే తీగలో విద్యుత్ క్షేత్రం దాదాపు కాంతివేగంతో పరుచుకుంటుంది, అన్నీ ఒక్కసారే కదులుతాయి. మోటారు పైపు నిండా నీళ్ళున్నప్పుడు స్విచ్ వేస్తే ఆ కొసన వెంటనే నీళ్ళు పడినట్టు అని చెప్పేవాణ్ణి. పోలిక బాగానే ఉంది గానీ దాన్ని ఎక్కడ ఆపాలో చెప్పేవాణ్ణి కాదు. పైపు కోస్తే నీళ్ళు కారిపోతాయి. తీగ కోస్తే ఏదీ కారదు, అంతా ఆగిపోతుంది. ఆ తేడా చెప్పని పాపానికి, తెగిన తీగ కొస నుంచి కరెంటు గాల్లోకి ‘లీకవుతుంద’ని పరీక్షలో రాసిన పిల్లలున్నారు. వాళ్ళకు మార్కులు కోసింది కూడా నేనే.

3. జవాబుకు మైనస్ వస్తే లెక్క తప్పలేదు.

కిర్కాఫ్ నియమాలతో లెక్క చేస్తూ కరెంటు మైనస్ 0.4 ఆంపియరు వస్తే, పిల్లలు మెల్లగా ఆ గీత చెరిపేసి ప్లస్‌గా రాసుకుంటారు. కరెంటుకు మైనస్ ఏమిటని వాళ్ళ అనుమానం. నువ్వు బాణం ఎటు గీశావో దానికి ఎదురు దిశలో పోతోందని ఆ గుర్తు చెబుతోంది, అంతే. ముందే సరైన దిశ ఊహించాల్సిన పని లేదు. ఏదో ఒక దిశ పెట్టుకొని, చివరిదాకా దానికే కట్టుబడి ఉండాలి. మధ్యలో మార్చితేనే కొంప మునుగుతుంది. 1845లో ఈ నియమాలు రాసేనాటికి కిర్కాఫ్‌కు ఇరవై ఒక్క ఏళ్ళు, ఇంకా విద్యార్థి. ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీలు కాస్త నిటారుగా కూర్చునేవి.

4. బ్యాటరీ ఊరికే చెప్పే మాట నమ్మకండి. పని చెప్పి చూడండి.

ఒకసారి మా ట్రాక్టర్ స్టార్ట్ కాలేదు. మెకానిక్ మల్టీమీటరు పెట్టాడు, 12.4 వోల్టులు చూపించింది. “బ్యాటరీ బాగుంది సార్, సెల్ఫ్ మోటారు పోయింది” అన్నాడు. మోటారు విప్పించాను. అదీ బాగానే ఉంది. చివరికి ఇంకో పెద్దాయన వచ్చి, “సెల్ఫ్ కొడుతూ మీటరు చూడండయ్యా” అన్నాడు. సెల్ఫ్ నొక్కగానే టక్కుమని శబ్దం, మీటరు ఏడున్నరకు పడిపోయింది. తప్పు బ్యాటరీలోనే ఉంది. బీయస్సీ ఫిజిక్స్ చదివి, అంతర్నిరోధం పాఠం ఏటేటా చెప్పే నాకు అది అప్పుడు తట్టలేదు. పాఠం నోట్సులో ఉంది, చేతిలో లేదు.

మల్టీమీటరు లాగే కరెంటు లేశమాత్రం. కనుక బ్యాటరీ లోపలి నిరోధం మీద ఏమీ పడదు, విద్యుచ్ఛాలక బలం యథాతథంగా కనిపిస్తుంది. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు అడుగుతుంది. లోపలి నిరోధం ఒక్క ఓమ్‌లో ఇరవయ్యో వంతే అయినా, 100 ఆంపియర్ల దగ్గర అక్కడే 5 వోల్టులు ఖర్చయిపోతాయి. 12.4లో 5 పోతే దాదాపు ఏడున్నర. గోడ గడియారంలో వేసే సెల్‌లు ఎనిమిది వరసగా పెడితే 12 వోల్టులే వస్తాయి, కానీ వాటితో ట్రాక్టర్ తిరగదు. ఒక్కో సెల్‌కు 0.2 ఓమ్ అనుకున్నా మొత్తం 1.6 ఓమ్. తీగతో షార్ట్ చేసినా ఏడున్నర ఆంపియర్లు దాటదు.

ఈ చిక్కు ఓమ్‌కూ వచ్చింది. వోల్టా తరహా సెల్‌లు ప్రయోగం మధ్యలో నిలకడ లేకుండా మారిపోతుంటే ఆయనకు కొలతలు కుదరలేదు. పోగెండార్ఫ్ సలహా మీద రాగి-బిస్మత్ థర్మోకపుల్‌కు మారాడు. ఒక కొస మరిగే నీళ్ళలో, ఇంకో కొస మంచులో. అప్పుడే నియమం బయటపడింది. 1827లో పుస్తకం వేసేనాటికి ఆయనా బడిపంతులే. ఈ కథ నేను క్లాసులో ఎన్నడూ చెప్పలేదు. ‘ఓమ్ నియమాన్ని నిర్వచింపుము’ అనే ప్రశ్నకు రెండు మార్కులు, కథకు సున్నా.

5. వాట్లు వేరు, వాట్-అవర్లు వేరు.

2023 జులై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు మా వీధి వీధంతా మిద్దెలెక్కింది. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో ఏది పైకి లేచినా మాకు అదొక పండుగే. ఆ తర్వాత ఒక పిల్లవాడు పేపర్లో చూసి వచ్చి అడిగాడు: “సార్, ల్యాండర్‌కి 738 వాట్లంట, రోవర్‌కి 50 వాట్లంట. మా ఇంట్లో మిక్సీ అంత కూడా లేదే!” వాడి లెక్క సరైనదే. అది సౌరఫలకాలు ఎండలో ఇచ్చే సామర్థ్యం, ఎంతసేపు ఇస్తాయన్నది వేరే ప్రశ్న. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్లది తీసుకోండి. గుణిస్తే 1800 వాట్-అవర్లు. 738 వాట్లు లాగితే రెండున్నర గంటలు కూడా రాదు. చంద్రుడి మీద పగలు మన లెక్కలో సుమారు పద్నాలుగు రోజులు, రాత్రి కూడా అంతే. ఆగస్టు 23న దిగిన ల్యాండర్ విక్రమ్‌ను, రోవర్ ప్రజ్ఞాన్‌ను సెప్టెంబరు మొదటి వారంలో బ్యాటరీలు నింపి నిద్రపుచ్చారు. ఆ చలిరాత్రి తర్వాత అవి మళ్ళీ లేవలేదు. అనుకున్న పని అప్పటికే అయిపోయింది, అది వేరే సంగతి. షాపులో ఇన్వర్టర్ కొనేటప్పుడు ‘ఎన్ని వాట్లు’ అని మాత్రమే అడిగి ఇంటికొచ్చే చదువుకున్నవాళ్ళను ఎందరినో చూశాను.

6. కరెంటు లేనిచోట వోల్టేజి లేదనుకోకండి.

మా ప్రాంతంలో ఏ యంత్రం చెడినా సగంసార్లు కారణం ఉప్పే. వానాకాలం వరదనీళ్ళు వచ్చినప్పుడు పులికాట్ దాదాపు మంచినీళ్ళవుతుంది. ఎండాకాలానికి సముద్రం కంటే ఎక్కువ ఉప్పు పేరుకుంటుంది, చాలా మేర ఎండి తెల్లగా తేలుతుంది. ఆ గాలి తగిలిన ప్రతి రాగి ముక్కా, ఇత్తడి స్క్రూ పచ్చగా మారుతుంది. చూడటానికి తీగ బిగించే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు.

ఇలాంటప్పుడు తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి ఒకటుంది. లైటు వెలగడం లేదు. లైటు రెండు కొసల మధ్య మీటరు పెడితే సున్నా. ఇక్కడే చాలామంది ‘కరెంటు రావడం లేదు, బ్యాటరీ పోయింది’ అంటారు. ఆగండి. కరెంటు సున్నా అయితే లైటు మీద వోల్టేజి పడదు, తీగల మీదా పడదు. మరి బ్యాటరీ 12 వోల్టులు ఎక్కడికి పోయాయి? మొత్తం ఆ తెగిన చోట రెండు అంచుల మధ్యే ఉంటాయి. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద ఉంచి, రెండో కొసను ప్లస్ నుంచి తీగ వెంబడి జరుపుకుంటూ రండి. ఎక్కడ 12 నుంచి సున్నాకు దిగిందో అక్కడే తప్పు. స్విచ్ వేసే ఉంచాలి సుమా. ఆపి చూస్తే స్విచ్చే తెగిన చోటులా కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. తిరుగు తీగలో తప్పుంటే లెక్క తలకిందులవుతుంది: లైటు దాటాక కూడా 12 కనిపిస్తుంది. అంతా బాగుందని అక్కడే వదిలేసేవాళ్ళు ఎందరో.

ఉప్పు, కరెంటు కలిసినప్పుడు దిశ కూడా ముఖ్యమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో 48 వోల్టుల బ్యాటరీ ఉండేది. ఊళ్ళో కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ మోగేది అందుకే. ఆ బ్యాటరీ ప్లస్‌ను నేలకు కలిపి, మైనస్‌ను లైనుకు ఇస్తారు. తిరగేసి ఎందుకు ఇవ్వలేదని పిల్లల్ని అడగాల్సింది, అడగలేదు. భూమిలో తడికి ఎంతో కొంత కరెంటు లీకవుతుంది. తీగ ప్లస్ అయితే రాగి అయాన్లుగా కరిగి నేలలోకి పోతుంది, తీగ తరిగిపోతుంది. మైనస్ అయితే రాగి నిలబడుతుంది. పడవ అడుగు, నీళ్ళలో పాతిన ఇనుప పైపులు తుప్పు పట్టకుండా కాపాడే కేథోడిక్ రక్షణలో ఉన్నదీ ఇదే కిటుకు.

7. బాగున్నప్పుడు ఏమవుతుందో కాదు, పాడైనప్పుడు ఏమవుతుందో ముందు అడగాలి.

ఈ పాఠం నాకు సూళ్ళూరుపేట రైల్వే స్టేషన్‌లో ఒక సిగ్నల్ ఉద్యోగి నేర్పాడు. ట్రాక్ సర్క్యూట్ అంటారు. పట్టాల్ని కొంత పొడవుకు రెండు కొసలా ఇన్సులేషన్ జాయింట్లతో వేరు చేస్తారు. ఒక కొసన కొద్ది వోల్టుల డీసీ, దానికి వరసగా ఒక నిరోధం. రెండో కొసన రిలే, అంటే కరెంటుతో పనిచేసే అయస్కాంతపు స్విచ్. పట్టాలే తీగలు. ఖాళీగా ఉన్నంతసేపు కరెంటు ఒక పట్టా మీద పోయి, రిలే చుట్టలోంచి, రెండో పట్టా మీద తిరిగొస్తుంది. రిలే పట్టుకొని ఉంటుంది. రైలు వస్తే చక్రాలు, ఇరుసు రెండు పట్టాల్నీ కలిపేస్తాయి. కరెంటుకు దగ్గరదారి దొరుకుతుంది, రిలేకు ఏమీ మిగలదు, అది వదిలేస్తుంది, సిగ్నల్ ఎర్రగా పడుతుంది. ఆ వరస నిరోధం లేకపోతే చక్రాలు ఎక్కినంతసేపూ బ్యాటరీ షార్టయ్యేది.

అందం ఎక్కడుందంటే, బ్యాటరీ అయిపోయినా రిలే వదిలేస్తుంది. తీగ తెగినా వదిలేస్తుంది. ఏది పాడైనా ఎర్రలైటే. ‘రైలు వచ్చినప్పుడే రిలేకు కరెంటు రావాలి’ అని తిరగేసి కట్టి ఉంటే, తీగ తెగిన రోజున పచ్చలైటు పడేది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో ఈ ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు చాలాచోట్ల ఇరుసుల్ని లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వచ్చాయి గానీ ఆ ఆలోచనకు వయసు మీరలేదు. కంకర తడిసినప్పుడు ఒక పట్టా నుంచి రెండో పట్టాకు కరెంటు కారుతుందని, ఉప్పు ఉన్నచోట ఇంకా ఎక్కువని, అప్పుడు రైలు లేకపోయినా ఎర్రలైటు పడుతుందని కూడా ఆ సిగ్నల్ ఉద్యోగే చెప్పాడు. ప్రయాణికులు తిట్టుకుంటారు. ప్రాణాలు మాత్రం దక్కుతాయి.

చెరువు మధ్య రోడ్డు దాటి శ్రీహరికోటకు పోతే ప్రశ్న తలకిందులవుతుంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125తో మొదలైన ఆ కేంద్రంలో మందు అంటించడానికి వాడేదీ డీసీ సర్క్యూటే. ఇలాంటి ఇగ్నైటర్లలో వెంట్రుకంత సన్న తీగ ఉంటుంది, నిరోధం సుమారు ఒక ఓమ్. కరెంటు పోతే ఎర్రగా కాలి చుట్టూ ఉన్న మందును అంటిస్తుంది. ఇక్కడ పొరపాటున కరెంటు పోకూడదు, పోవాల్సిన క్షణాన మాత్రం పోయి తీరాలి. తీగ తెగలేదని ముందే తెలుసుకోవాలంటే ఎలా? కొద్ది మిల్లీ ఆంపియర్లతో నిరోధం కొలుస్తారు. 5 ఆంపియర్ల దగ్గర ఆ తీగలో 25 వాట్ల వేడి. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర వాటులో పదివేలవ వంతు. కరెంటు ఐదువందలో వంతుకు తగ్గితే వేడి రెండున్నర లక్షలో వంతుకు తగ్గింది. కరెంటు వర్గానికి వేడి అనులోమానుపాతంలో ఉంటుందన్న జౌల్ నియమానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ మా ఊరికి కూతవేటు దూరంలో ఉండగా, నేను ఏళ్ళ తరబడి ఇస్త్రీపెట్టె లెక్క చెప్పాను.

8. కొలిచే మీటరు కూడా సర్క్యూట్‌లో భాగమే.

అమ్మీటరు నిరోధం అతి తక్కువ, వోల్ట్‌మీటరు నిరోధం అతి ఎక్కువ. ఇది అందరూ రాస్తారు. రాసిన చేత్తోనే అమ్మీటరును బ్యాటరీకి అడ్డంగా పెట్టి కాల్చేస్తారు. మల్టీమీటరులో ఎర్ర తీగను పది ఆంపియర్ల రంధ్రంలో వదిలేసి వోల్టులు కొలవబోయినా అదే గతి. కొలిచే పరికరం కరెంటు వాడుకున్నంతవరకు అది చూపించేది మన సర్క్యూట్‌ను కాదు, తనతో కలిసిన సర్క్యూట్‌ను. అందుకే మీటరు బ్రిడ్జి, పొటెన్షియోమీటరు గొప్పవి. సంతులన స్థానంలో గాల్వనోమీటరులోంచి కరెంటే పోదు. కనుక గాల్వనోమీటరు మంచిదా చెడ్డదా అన్న పట్టింపు లేదు, సున్నాను సున్నాగా చూపిస్తే చాలు.

మీటరు బ్రిడ్జి దగ్గర నేను చివరిదాకా పట్టుబట్టి చేయించినవి మూడే. జాకీని తీగ మీద ఒత్తి రాయకూడదు, తాకించి ఎత్తాలి. రాస్తే తీగ అరిగి, అన్నిచోట్లా ఒకే నిరోధం ఉండదు, సూత్రమే చెడుతుంది. సంతులన బిందువు మధ్యకు దగ్గరగా వచ్చేట్టు రెసిస్టెన్స్ బాక్సులో విలువ తియ్యాలి. 50 సెంటీమీటర్ల దగ్గర ఒక మిల్లీమీటరు తప్పు చూస్తే జవాబులో 0.4 శాతం తేడా, 10 సెంటీమీటర్ల దగ్గర అదే పొరపాటుకు 1.1 శాతం. కుడి ఎడమ ఖాళీల్లో నిరోధాలు మార్చి మళ్ళీ చూడాలి, కొసల దగ్గర పట్టీల నిరోధం తెచ్చే తప్పు చాలావరకు పోతుంది. ఇక నాలుగోది పుస్తకంలో ఉండదు: తీగల కొసలు, టెర్మినల్స్ ఎమరీ పేపరుతో తళతళలాడేదాకా రుద్దాలి. మా ఉప్పుగాలిలో అది చేయకపోతే మీరు కొలిచేది తుప్పును.

9. నియమం ఎక్కడ ఆగుతుందో చూపించిన రీడింగును చెరిపెయ్యకండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే సంగతి ఇది. తడ నుంచి వచ్చే ఒక అమ్మాయి సీసాలో పులికాట్ నీళ్ళు తెచ్చింది. ఉప్పునీళ్ళ నిరోధం కొలుస్తానంది. సరే అన్నాను. పాత టార్చి సెల్‌లు పగలగొట్టి తీసిన కార్బన్ కడ్డీలు రెండు ముంచి, ఎలిమినేటరుతో వోల్టేజి పెంచుతూ కరెంటు రాసుకుంది. కాసేపటికి వచ్చి, “సార్, ముల్లు నిలవడం లేదు. ఏ రీడింగు రాయమంటారు?” అంది. మొదట కనిపించింది రాసెయ్యమన్నాను. గ్రాఫు గీసుకొచ్చింది. గీత సున్నా నుంచి బయల్దేరలేదు. తక్కువ వోల్టేజి దగ్గర కరెంటు దాదాపు లేదు, ఒకటిన్నర, రెండు వోల్టులు దాటాక ఎత్తుకుంది. “కింది బిందువులు తీసేసి, మూలబిందువు నుంచి సరళరేఖ గియ్యి తల్లీ, ఓమ్ నియమం కదా” అన్నాను. ఆ పిల్ల బుద్ధిగా రబ్బరుతో చెరిపింది.

ఆ గ్రాఫులో విలువైనది ఆ చెరిపేసిన భాగమే. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా కనీసం 1.23 వోల్టులు కావాలి, ఆచరణలో ఇంకా ఎక్కువ. అంతవరకు ఎలక్ట్రోడ్ల దగ్గర ఎదురు వోల్టేజి తయారై కరెంటును ఆపుతుంది. ఆ తర్వాత బుడగలు వస్తాయి, కడ్డీల్ని కప్పుతాయి, నిరోధం క్షణక్షణం మారుతుంది. ముల్లు నిలవకపోవడానికి కారణం ఆ అమ్మాయి చేతకానితనం కాదు. ద్రావణాల వాహకత కొలవడానికి కోల్‌రౌష్ డీసీ వదిలి ఏసీ ఎంచుకున్నదీ ఈ చిక్కు వల్లే. ఓమ్ నియమం లోహపు తీగకు, అదీ ఉష్ణోగ్రత మారనప్పుడు చక్కగా నడుస్తుంది. ఉప్పునీళ్ళకు, డయోడుకు, వేడెక్కే ఫిలమెంటుకు అదే రూపంలో నడవదు. ఆ అమ్మాయి ఒక్క మధ్యాహ్నంలో ఆ హద్దు కనిపెట్టింది. నేను దాన్ని రబ్బరుతో తుడిపించాను. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. తెలిస్తే ఆ కింది బిందువులు మళ్ళీ పెట్టుకోమని చెబుతాను.

ఈ ప్రయోగం మీరూ చేయొచ్చు. ఆరు వోల్టులు దాటకండి. ఇంట్లో కరెంటు ప్లగ్గు జోలికి అసలు పోకండి. ఉప్పునీళ్ళలో డీసీ పంపితే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీలు తీసిపెట్టి కాసేపే చేయండి. చాలా కాలేజీల్లో మీటరు బ్రిడ్జిలు, గాల్వనోమీటర్లు ప్రాక్టికల్ పరీక్షల ముందు మాత్రమే బయటికొస్తాయి. పిల్లలు పోయినేడాది రికార్డు చూసి రీడింగులు రాసుకుంటారు. మా కాలేజీలోనూ అంతే జరిగింది, ఆపాల్సినవాణ్ణి ఆపలేదు. ల్యాబ్ బీరువా తాళం తియ్యమని మీ సార్‌ను ఈ వారమే అడగండి. కాదనే సార్లు తక్కువే, అడిగే పిల్లలు అంతకంటే తక్కువ.